ఉత్సవాలకు ముందు ఆ బీరువా తెరవండి

సంపాదకులకు,

నమస్కారం. జిల్లా పరిషత్ హైస్కూళ్లకు ఇప్పుడు ఉత్సవాల కాలం నడుస్తోంది. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో, ఆ చుట్టుపక్కల ఏళ్లలో పెట్టిన బడులు డెబ్బై అయిదు దాటాయి. జిల్లా పరిషత్తులకు ముందున్న డిస్ట్రిక్ట్ బోర్డు కాలంనాటివి కొన్ని వందకు దగ్గరపడ్డాయి. పూర్వ విద్యార్థులు చందాలు పోగుచేసి గేటు దగ్గర ఆర్చీ కడుతున్నారు, స్టేజీ కడుతున్నారు, సావనీరు వేస్తున్నారు. సంతోషమే. కానీ ఆ సావనీరు తిరగేయండి. ముందు నాయకుల సందేశాలు, వెనక దాతల ఫొటోలు, మధ్యలో ఎక్కడో ‘పాఠశాల చరిత్ర’ అని ఒకే ఒక్క పేజీ ఉంటుంది. ‘పెద్దల కృషితో స్థాపించబడి ఎందరో డాక్టర్లను, ఇంజినీర్లను దేశానికి అందించింది’ అని అందులో రాసి ఉంటుంది. ఊరి పేరు మారిస్తే ఆ పేజీ ఏ బడికైనా అతికిపోతుంది. సరిగ్గా అదే సమయంలో హెచ్ఎం గది మూలనున్న బీరువా అడుగు అరలో ఆ బడి అసలు చరిత్రను చెద తింటూ ఉంటుంది.

ఉత్సవాలు చేయొద్దని అనడం లేదు. చందాలో కొంత, ఆర్చీకి పునాది తీయడానికి ముందే, ఆ బీరువాకు కేటాయించమంటున్నాం. ఆ పని ఎలా చేయాలో, ఎక్కడ చెడుతుందో తెలిసినంత మేరకు రాస్తున్నాం. కాస్త పొడుగైనా ప్రచురించగలరు.

హైస్కూలు ఆఫీసులో పుస్తకాలకు కొదవ లేదు. అడ్మిషన్ రిజిస్టరు, టీసీ పుస్తకాల కౌంటర్‌ఫాయిళ్లు, హాజరు పట్టీలు, మార్కుల రిజిస్టరు, ప్రమోషన్ లిస్టులు, పబ్లిక్ పరీక్ష నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవారి జాబితాలు), ఫీజుల రిజిస్టరు, క్యాష్ బుక్, జీతాల అక్విటెన్స్ (సంతకం పెట్టి సొమ్ము అందుకున్న పట్టీ), స్టాకు రిజిస్టరు, లైబ్రరీ యాక్సెషన్ రిజిస్టరు, విజిటర్స్ బుక్, ఇన్‌స్పెక్షన్ రిపోర్టులు. అన్నిటినీ ఒకేసారి కాపాడదామని కూర్చుంటే ఏదీ కాదు. మొదట అడ్మిషన్ రిజిస్టర్లు. ఆ తర్వాత టీసీ కౌంటర్‌ఫాయిళ్లు, నామినల్ రోల్స్. మూడో విడత విజిటర్స్ బుక్, ఇన్‌స్పెక్షన్ రిపోర్టులది. మిగతావి తీరిక దొరికినప్పుడు.

అడ్మిషన్ రిజిస్టరే ఎందుకంటే, అందులో ఒక్క పేజీ తెరిచి చూడండి. వెడల్పాటి పుస్తకం, గట్టి అట్ట, వెన్నుకు గుడ్డ. ఎడమ పేజీ, కుడి పేజీ కలిపి ఒకే వరస. నమూనా కాలాన్నిబట్టి కొంచెం మారినా గళ్లు దాదాపు ఇవే: అడ్మిషన్ నంబరు, చేరిన తేదీ, పేరు, తండ్రి లేక సంరక్షకుని పేరు, ఆయన వృత్తి, ఊరు, మతం, కులం, మాతృభాష, పుట్టిన తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ, చేరిన తరగతి, అంతకుముందు చదివిన బడి. కుడి చివర బడి వదిలిన తేదీ, అప్పుడున్న తరగతి, వదిలిన కారణం, టీసీ నంబరు, రెండు పుట్టుమచ్చలు. మనిషికి ఒక్క గీత. ఆ గీతలు నాలుగైదు వేలు కలిస్తే ఊరు.

వృత్తి గడిని పై నుంచి కిందికి చదువుకుంటూ వెళ్తే వ్యవసాయం, నేత, కూలి, వ్యాపారం, మాస్టారు అని వస్తాయి. ఏ ఏడాది నుంచి ‘కూలి’ అన్న మాట ఎక్కువ కనబడుతోందో చూస్తే, ఎవరి పిల్లలు ఎప్పుడు బడి గడప తొక్కారో తెలిసిపోతుంది. ఊరు గడిలోని పల్లెలను మ్యాపు మీద గుర్తుపెడితే పిల్లలు ఎంత దూరం నడిచి వచ్చారో కనబడుతుంది. పక్క ఊళ్లో కొత్త హైస్కూలు పెట్టిన ఏడాది అటువైపు పల్లెలు ఒక్కసారిగా మాయమవుతాయి. ఆడపిల్లల పేర్లు ఎన్నో నంబరు దగ్గర మొదలయ్యాయో, వారిలో ఎందరి ‘వదిలిన తరగతి’ ఎనిమిది దగ్గరే ఆగిందో లెక్కపెట్టండి. కారణం గడిలో ‘దీర్ఘకాల గైర్హాజరు, పేరు తొలగించడమైనది’ అని ఉంటే అది చదువు మానేసిన బిడ్డ. టీసీ నంబరు గడి ఖాళీగా ఉంటుంది. అడగడానికి ఎవరూ రాలేదు. సావనీరులో ఒక్క పేజీ ఈ లెక్కకు ఇస్తే చాలు, పదేళ్లకో వరస చొప్పున: చేరినవాళ్లెందరు, అందులో ఆడపిల్లలెందరు, చివరి తరగతి దాకా నిలిచినవాళ్లెందరు. డాక్టర్ల, ఇంజినీర్ల జాబితా తర్వాత వేసుకోవచ్చు.

ఒక్క గడిని మాత్రం నమ్మకండి. పుట్టిన తేదీ. పాత రిజిస్టర్లలో జూన్ 1, జులై 1 తేదీలు వరసగా దిగుతుంటాయి. ఊళ్లో పిల్లలంతా ఒకేరోజు పుట్టలేదు; చేర్చుకునే నాటికి వయసు సరిపోయేలా మాస్టారు వేసిన తేదీలవి. చట్టం దృష్టిలో అదే పుట్టినరోజు. పరిశోధన దృష్టిలో దానికి విలువ తక్కువ.

బడి పుట్టిన తేదీ సంగతీ ఇంచుమించు ఇంతే. వజ్రోత్సవం ఏ ఏడాది చేయాలన్న దగ్గరే చాలా ఊళ్లలో తగాదా మొదలవుతుంది. స్థలం దానమిచ్చిన రోజు ఒకటి, శంకుస్థాపన ఒకటి, చావడిలోనో సత్రంలోనో మొదటి క్లాసు నడిచిన రోజు ఒకటి, గుర్తింపు ఉత్తర్వు వచ్చిన తేదీ ఒకటి, మొదటి బ్యాచ్ పబ్లిక్ పరీక్ష రాసిన ఏడాది ఇంకొకటి. గోడకున్న శిలాఫలకం భవనానిది. బడి దానికి ఎన్నో ఏళ్ల ముందే నడిచి ఉండొచ్చు. హైస్కూలు ఒక్కసారిగా తెరుచుకునేది కాదు, ఏడాదికో క్లాసు పెరిగేది. 1948 జూన్‌లో నాలుగో ఫారం, అంటే తొమ్మిదో తరగతి పెడితే, మొదటి ఎస్ఎస్ఎల్‌సీ (అప్పటి బడి చదువు ఆఖరి పబ్లిక్ పరీక్ష) బ్యాచ్ 1951 మార్చిలో వెళ్తుంది. తేదీ తేల్చేది మొదటి అడ్మిషన్ రిజిస్టరులో ఒకటో నంబరు.

ఆ మొదటి రిజిస్టరు హైస్కూల్లో దొరక్కపోతే పోయిందని నిర్ణయించేసుకోకండి. ఎలిమెంటరీగా మొదలై, హయ్యర్ ఎలిమెంటరీగా మారి, ఆపైన హైస్కూలైన బడి అయితే, కింది తరగతులు విడిపోయినప్పుడు పాత పుస్తకాలు ప్రైమరీ స్కూలు వాటాకు వెళ్లి ఉంటాయి. ఆవరణలోనే ఉన్న మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల బీరువా అడిగి తెరిపించండి. బాలికల హైస్కూలు విడిపోయిన ఊళ్లలో దీనికి తిరగేసి చూడాలి. విడిపోయేనాటి దాకా ఆడపిల్లల పేర్లు బాలుర బడి రిజిస్టరులోనే ఉంటాయి. తన పేరు లేదని బాలికల హైస్కూలు నుంచి తిప్పి పంపిన ముసలమ్మ పేరు రోడ్డుకు అవతలి బడిలో భద్రంగా ఉంటుంది.

చదవడంలోనూ కొన్ని మెలికలున్నాయి. 1959 పంచాయతీరాజ్ చట్టంతో జిల్లా బోర్డులు పోయి జిల్లా పరిషత్తులు వచ్చాయి కాబట్టి, అంతకుముందు కాగితాల మీద ‘బోర్డు హైస్కూల్’ అని ఉంటే అది వేరే బడేమో అనుకోనక్కర్లేదు. మద్రాసు రాష్ట్రంలో ఉన్న జిల్లాల్లో మొదటి ఫారం అంటే ఆరో తరగతి, ఆరో ఫారం అంటే పదకొండు. 1969-70లో రెండేళ్ల ఇంటర్మీడియట్ రావడంతో బడి చదువు పదో తరగతికి కుదురుకుంది. కాబట్టి పాత ఎస్ఎస్ఎల్‌సీ, ఇప్పటి పదో తరగతి ఒక్కటి కావు. ఎనిమిదో తరగతితో ఆగినవారికి ఈఎస్ఎల్‌సీ అని వేరే పరీక్ష ఉండేది. దాన్ని ఎస్ఎస్ఎల్‌సీగా పొరబడి ‘మన బడి తొలి మెట్రిక్యులేట్’ అని ఫొటో వేసేస్తుంటారు.

ఫీజుల రిజిస్టరులో 1957 ఏప్రిల్ 1కి ముందు లెక్కంతా రూపాయి, అణా, పైసల్లో మూడు నిలువు గళ్లలో ఉంటుంది. ఈ పైసా అణాలో పన్నెండో వంతు. 3-12-6 అని కనబడితే మూడు రూపాయల పన్నెండణాల ఆరు పైసలు, అంటే ఇప్పటి లెక్కలో మూడు రూపాయల డెబ్బై ఎనిమిది పైసలు. కాలిక్యులేటరులో 3.126 అని కొట్టి కూడినవాళ్లూ ఉన్నారు.

తెలంగాణ పాత బడులది ఇంకో పెద్ద పని. నిజాం కాలపు రిజిస్టర్లు ఉర్దూలో ఉంటాయి. తేదీలు ఫసలీలో, అంటే అప్పటి రెవెన్యూ సంవత్సరంలో ఉంటాయి. ఫీజు నిజాం సొంత నాణెమైన హాలీ సిక్కాలో ఉంటుంది. తహ్తానియా ప్రాథమిక బడి, వస్తానియా మిడిల్, ఫోఖానియా హైస్కూలు. హైదరాబాదు ఫసలీ సంవత్సరం అజుర్ నెలతో అక్టోబరులో మొదలవుతుంది. ఇంగ్లీషు సంవత్సరం రావాలంటే ఫసలీ సంవత్సరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే తేదీకి 590, ఆ తర్వాతి తేదీకి 591 కలపాలి. 1357 ఫసలీ అంటే 1947 అక్టోబరు నుంచి 1948 సెప్టెంబరు దాకా సాగినది. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు (బ్రిటిషు ఇండియా) రూపాయలకు సమానం. లెక్కలు పుస్తకం చూసి ఎవరైనా నేర్చుకుంటారు. గొలుసుకట్టు ఉర్దూ దస్తూరీ చదవగలిగేవాళ్లు మాత్రం ఊరికి ఒక్కరో ఇద్దరో మిగిలారు, వారూ పెద్దవాళ్లే. ఆ పేజీలు ఈ ఏడాదే చదివించుకోవాలి. ఇంకా పాత వివరాలకు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్, ఆంధ్ర ప్రాంతపు 1953కు ముందు ప్రభుత్వ ఉత్తర్వులకు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్ దిక్కు.

మిషన్ బడులకు ఈ అవస్థ కొంత తక్కువ. ఇంగ్లీషు మిషనరీ రాబర్ట్ నోబుల్ 1843లో మచిలీపట్నంలో బడి పెట్టినప్పటి నుంచి ఇక్కడివాళ్లు చర్చ్ మిషనరీ సొసైటీకి ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు; ఆ సొసైటీ కాగితాలు ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఇప్పటికీ చదువుకోవడానికి దొరుకుతాయి. బోర్డు బడికి రెండో ప్రతి ఎక్కడా లేదు. ఆ బీరువాలో పోతే పోయినట్టే. దస్తావేజు లేకపోతే మనిషి పేరు ఎంత తేలిగ్గా జారిపోతుందో ప్రేయర్‌లో రోజూ చెప్పే ప్రతిజ్ఞే సాక్ష్యం. పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉండగా దాన్ని రాశారు. ఆయన పేరు లేకుండానే ఎన్నో ఏళ్లు పాఠ్యపుస్తకాలు అచ్చయ్యాయి.

ఇదంతా పాతకాలపు ముచ్చట అనుకునేవాళ్లకు ఒక మాట. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టినవారికి జనన ధ్రువపత్రమే పుట్టినతేదీకి ఆధారం. అంతకుముందు పుట్టిన మనందరిలో చాలామందికి పాస్‌పోర్టు నుంచి పింఛను దాకా బడి రికార్డే దిక్కు. బాల నేరస్తుడా కాదా తేల్చడానికి 2015 బాలల న్యాయ చట్టం 94వ సెక్షను ముందు అడిగేది బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రం, లేదా పదో తరగతి సర్టిఫికెట్టు. లోకల్, నాన్‌లోకల్ తేల్చే స్టడీ సర్టిఫికెట్టు కూడా ఈ పుస్తకం చూసే రాయాలి. 1970లో ప్రకాశం, 1978లో రంగారెడ్డి, 1979లో విజయనగరం, 1985లో మండలాలు, 2016లో తెలంగాణలో, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. రిజిస్టరులో ఉన్న జిల్లా ఒకటి, ఇవాళ బడి రబ్బరు స్టాంపు మీద ఉన్న జిల్లా ఇంకొకటి అవుతుంది. అలాంటప్పుడు రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు రాసి, పక్కన ‘ప్రస్తుతం ఫలానా జిల్లా’ అని చేర్చాలే తప్ప పాత గడిలో దిద్దకూడదు.

దిద్దడం అనగానే గుర్తొచ్చింది. అంకెల్లో 1ని 4 చేయడం, 3ను 8 చేయడం పెన్ను ఉన్నవాడికెవడికైనా చేతనవుతుంది. తేదీని అక్షరాల్లో కూడా రాయమన్నది అందుకే. అంతకన్నా పెద్ద కన్నం పేజీ అడుగున వదిలేసిన ఖాళీ గీతలు. ఒక బ్యాచ్ చేరికలు ముగిశాక మిగిలిన రెండు మూడు గీతల్లో, ఎప్పుడో తర్వాత, ఎప్పుడూ ఆ బడిలో చదవని పేరు వచ్చి కూర్చుంటుంది. ఖాళీ గీతల మీద అడ్డంగా గీత కొట్టి హెచ్ఎం సంతకం, తేదీ వేయాలి. నిజమైన సవరణ అయితే పాతది చదవడానికి వీలుగా ఒక్క గీత కొట్టి, పైన ఎర్ర సిరాతో కొత్తది రాసి, ఉత్తర్వు నంబరు వేసి సంతకం చేయాలి. బ్లేడుతో గీకిన చోటు, వైట్‌నర్ పూసిన చోటు కోర్టులో నిలవదు.

ఇక కాపాడే పని. చెద నేల నుంచి, గోడ నుంచి మట్టి గొట్టాలు కట్టుకుంటూ వస్తుంది. బీరువా ఇనుముదే కదా అని ధీమాగా ఉంటే, వెనక రేకు గోడకు ఆనిన చోటు నుంచి ఎక్కుతుంది. కాళ్ల కింద ఇటుకలు పెట్టి జానెడు ఎత్తు లేపండి, గోడకు జానెడు దూరం జరపండి. అడుగు అర ఖాళీగా వదిలేయండి. నెలకోసారి టార్చి వేసి వెనక వైపు చూడటం అటెండరు పని కాదు, హెచ్ఎం పని. కలరా ఉండలు పురుగును కాస్త దూరం పెడతాయేమో గానీ చెదను ఆపలేవు. పాత అలవాటు కొద్దీ గమాక్సిన్ పొడి చల్లకండి. అది నిషేధించిన మందు, ఆ పుస్తకం తెరిచే చేతికే హాని. పెద్ద రిజిస్టర్లను నిలబెట్టకుండా పడుకోబెట్టాలి, ఒకదానిమీద ఒకటి నాలుగైదు మించకూడదు. రబ్బరు బ్యాండు ఎండకు కరిగి కాగితానికి అతుక్కుంటుంది, గుండుసూది తుప్పు పట్టి చిల్లు పెడుతుంది. రెండూ తీసేసి నూలు నాడాతో కట్టండి.

మంచి ఉద్దేశంతో చేసే నష్టాలు మూడున్నాయి. మొదటిది లామినేషన్. వేడికి కరిగి పట్టుకున్న ప్లాస్టిక్కును మళ్లీ విడదీయలేం, లోపల కాగితం పాడవుతూనే ఉంటుంది. రెండోది సెల్లోటేపు. కొన్నేళ్లకు టేపు ఊడిపోతుంది, జిగురు పసుపు మరకై మిగిలి అక్షరాలను తినేస్తుంది. మూడోది బైండింగు. బయట షాపుకిస్తే, అంచులు సమంగా రావాలని కత్తికి పెడతారు, కుట్టు గట్టిగా లోపలికి వేస్తారు. పుస్తకం ముచ్చటగా వస్తుంది. ఎడమ అంచున అడ్మిషన్ నంబరు సగం తెగిపోతుంది, నడిమి కుట్టులో ఒక గడి పూర్తిగా మునిగిపోతుంది. బైండరును బడికే పిలిపించండి, అంచు కోయొద్దని ముందే చెప్పండి. రిజిస్టరు గేటు దాటకూడదు. పట్టుకుంటే పొడిపొడిగా రాలే కాగితాలను మాత్రం మీ చేత్తో ఏమీ చేయకండి. ఒక్కో పుస్తకం శుభ్రమైన తెల్లగుడ్డలో చుట్టి అట్టపెట్టెలో పెట్టి, ఆర్కైవ్స్ సిబ్బందిని సంప్రదించండి.

నీళ్లలో తడిస్తే సమయం తక్కువ. మన వాతావరణంలో రెండు రోజుల్లో బూజు వస్తుంది. ఎండలో ఆరబెడితే కాగితం వంకర్లు పోతుంది, సిరా వెలుస్తుంది. నీడలో ఫ్యాను కింద నిలబెట్టి, కొద్ది పేజీలకొక తెల్ల అద్దుడు కాగితం పెట్టి, గంటగంటకూ మారుస్తుండాలి. అచ్చేసిన న్యూస్‌పేపరు పెట్టొద్దు, దాని సిరా దీనికి అంటుతుంది (మీ పత్రిక మీద కోపంతో కాదు). అతుక్కున్న పేజీలను తడిగా ఉండగా లాగితే రెండూ చిరుగుతాయి.

ఫొటోలు తీయడం ఇవాళ ఏ పదో తరగతి కుర్రాడైనా చేయగల పని, పద్ధతి చెబితే. హెచ్ఎం రాతపూర్వక అనుమతి, పక్కన ఆఫీసు మనిషి తప్పనిసరి. కిటికీ పక్కన టేబులు, కింద నల్లగుడ్డ, ఫ్లాషు వద్దు, ఎండ నేరుగా పడొద్దు. ఫోను చేత్తో కాకుండా స్టాండుకు బిగించి, కెమెరా పేజీకి సమాంతరంగా ఉంచండి. మొదటి ఫొటోలో రిజిస్టరు నంబరు, ఏ అడ్మిషన్ నంబరు నుంచి ఏ నంబరు దాకా అన్నది రాసిన చీటీ రావాలి. అట్ట, లోపలి అట్ట, ఖాళీ పేజీలు, చివర పెన్సిలుతో గీసిన లెక్కలు అన్నీ తీయాలి. స్కానింగు యాప్‌లు ‘నలుపు తెలుపు’కు మార్చేస్తుంటాయి. అందులో ఎర్ర సిరా సవరణ నల్లగా మారుతుంది, పెన్సిలు రాత మాయమవుతుంది. మామూలు రంగుల ఫొటోయే తీయండి. రెండు పేజీలకు రెండు ఫొటోల చొప్పున, మూడు వందల పేజీల పుస్తకం ఒకటి నుంచి ఒకటిన్నర జీబీ దాకా వస్తుంది. సాయంత్రం లేచే ముందు ఫొటోల లెక్క, పేజీల లెక్క సరిచూడండి. మధ్యలో రెండు పేజీలు ఒకటిగా తిరిగిపోవడం ప్రతి పుస్తకంలో జరిగేదే. ఫైలు పేరులో బడి పదకొండు అంకెల యుడైస్ కోడు (విద్యాశాఖ లెక్కల్లో ప్రతి బడికీ ఉండే నంబరు), రిజిస్టరు నంబరు, పేజీ నంబరు ఉండాలి. ‘స్కూల్ ఫొటోస్ న్యూ’ అని పెట్టిన ఫోల్డరును మూడేళ్ల తర్వాత తెరిచేవాడు ఉండడు.

ప్రతులు మూడు. ఒకటి బడి కంప్యూటరులో, ఒకటి బీరువాలో హార్డ్ డిస్కులో, ఒకటి కచ్చితంగా వేరే ఊళ్లో, అంటే జిల్లా విద్యాశాఖ కార్యాలయంలో. 1977 నవంబరు 19న దివిసీమలో, 2009 అక్టోబరులో కర్నూలులో నీళ్లు ఏ గదినీ వదల్లేదు. మూడు ప్రతులూ ఒకే గదిలో ఉంటే ఒక్క ప్రతి ఉన్నట్టే లెక్క. ఆ తర్వాత ఎక్సెల్‌లో సూచిక తయారుచేయండి: అడ్మిషన్ నంబరు, పేరు, తండ్రి పేరు, చేరిన తేదీ, తరగతి, వదిలిన తేదీ, పేజీ. పేరు అప్పటి గుమాస్తా ఎలా రాశారో అలాగే. ఇంటిపేరు ఇప్పుడు మరోలా రాస్తున్నారని దిద్దకండి, పక్కన వేరే గడి పెట్టుకోండి. ఈ సూచిక ఉంటే, సర్టిఫికెట్టు కోసం వచ్చిన మనిషిని ‘రేపు రండి’ అనకుండా పది నిమిషాల్లో పంపించొచ్చు. పాత పుస్తకం రోజూ చేతులు మారే బాధా తప్పుతుంది. పేజీలు చిరిగేది ఎక్కువగా అక్కడే.

ఫొటోలు చేతికి రాగానే పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో పేజీలు పెట్టేయడం మొదలవుతుంది. దయచేసి వద్దు. ఆ పేజీలో ఒకరి కులం, పుట్టుమచ్చలు, అసలు వయసు, బడి మానేసిన కారణం ఉన్నాయి. పక్క గీతలోని మనిషి మీ గ్రూపులో లేరు, మీకు అనుమతీ ఇవ్వలేదు. మీ గీత మీరు చూసుకోండి. ఊరందరికీ లెక్కలు చెప్పండి, పేజీలు చూపకండి.

బీరువా తెరిచాక స్థలం కాగితాలు కూడా వెతకండి. చాలా హైస్కూళ్లు ఎవరో ఒక రైతు ఇచ్చిన భూమిలో లేచినవే. పేరు శిలాఫలకం మీద ఉంటుంది, రిజిస్టరైన దానపత్రం ఉండదు. 1882 ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షను ప్రకారం స్థిరాస్తి దానం రిజిస్టరు కావాలి. మాట మీద ఇచ్చిన ఎకరాలను మూడో తరం వారసులు అడిగినప్పుడు బడి నోరెళ్లబెడుతుంది. సర్వే నంబరు తీసుకుని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం) తీయండి. ఆన్‌లైనులో 1983 నుంచే వస్తుంది, అంతకు ముందుదానికి బుక్ 1 సంపుటాల్లో వెతికించి సర్టిఫైడ్ కాపీ తీసుకోవాలి. రెవెన్యూ రికార్డులో బడి పేరు ఎక్కిందో లేదో చూసి, ఎక్కకపోతే దాత కుటుంబం సుముఖంగా ఉన్న ఈ ఉత్సవాల రోజుల్లోనే కొత్తగా రిజిస్ట్రేషను చేయించుకోవడం మంచిది. వేదిక మీద శాలువా కప్పే రోజున సంతకం అడిగితే కాదనేవాళ్లు తక్కువ. సర్వేయరుతో కొలిపించి హద్దురాళ్లు కూడా అప్పుడే వేయించండి.

విద్యాశాఖకు మా విన్నపం ఒక్కటే, ఖర్చు లేనిది. హెచ్ఎం బదిలీ అయినప్పుడు రాసే చార్జి లిస్టులో ‘అడ్మిషన్ రిజిస్టర్లు - 7’ అని ఒక్క ముక్క ఉంటుంది. ఏడులో మూడోది ఎప్పుడు పోయిందో, దాని స్థానంలో ఏ హాజరు పట్టీ లెక్కలోకి వచ్చిందో ఎవరికీ తెలియదు. ఎఫ్ఏసీ (వేరొకరికి అప్పగించిన అదనపు బాధ్యత) మీద నడిచే బడుల్లో అయితే చార్జి లిస్టే ఉండదు, తాళంచెవులు చేతులు మారతాయంతే. ఇకపై ప్రతి రిజిస్టరుకూ విడిగా మొదటి అడ్మిషన్ నంబరు, తేదీ, చివరి అడ్మిషన్ నంబరు, తేదీ, పేజీల సంఖ్య, చిరిగిన పేజీల నంబర్లు రాసి ఇద్దరూ సంతకం చేయాలని, ఒక ప్రతి డీఈవో ఆఫీసుకు పంపాలని ఉత్తర్వు ఇవ్వండి. గదుల మరమ్మతులప్పుడు కూడా ఇదే జాబితా కావాలి. నాడు-నేడు, మన ఊరు మన బడి పనుల్లో బీరువాలు వరండాల్లోకి వచ్చాయి; తిరిగి లోపలికి వెళ్లేటప్పుడు ఎవరూ లెక్కపెట్టకపోతే పాత పేపర్లతో పాటు ఏం వెళ్లిపోయిందో తెలుసుకునే దారి లేదు.

ఒక రిజిస్టరు నిజంగానే పోయి ఉంటే దాచకండి. డీఈవోకు రాతపూర్వకంగా తెలిపి, టీసీ కౌంటర్‌ఫాయిళ్లు, నామినల్ రోల్స్, హాజరు పట్టీలు, స్కాలర్‌షిప్ అక్విటెన్స్ నుంచి పేర్లు ఏరి ‘పునర్నిర్మించినది’ అని అట్ట మీద స్పష్టంగా రాసిన వేరే పుస్తకం పెట్టండి. ప్రతి పేరు పక్కన అది ఎక్కడ దొరికిందో ఉండాలి. పాత నంబర్లు ఊహించి వేయకండి.

చివరగా ఒక చిన్న విషయం. ఉత్సవం రోజున మొదటి రిజిస్టరును వేదిక మీద పెట్టాలని కొన్నిచోట్ల ముచ్చటపడుతున్నారు. పెట్టండి, అద్దాల పెట్టెలో, ఒకటో నంబరు పేజీకి బదులు దాని కలర్ ప్రింటు తెరిచి ఉంచి. పసుపు, కుంకుమ అద్దకండి, దండ వేయకండి. మాలకట్టే ముందు పూల మీద నీళ్లు చల్లుతారు. ఫౌంటెన్ పెన్ను నీలి సిరాకు ఆ తడి చాలు.

ఇట్లు,
జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పనిచేసి విరమించిన కొందరు ప్రధానోపాధ్యాయులు, ఆఫీసు సిబ్బంది